వర్డ్ టెంప్లేట్లలో జిల్లా, మండలం డ్రాప్‌డౌన్‌లు బయటి ఎక్సెల్ జాబితా నుంచి రావాలంటే ఎలా?

బెజవాడ_దస్తావేజు
సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక డాక్యుమెంట్ రైటర్ గారి దగ్గర ఎనిమిదేళ్ళుగా కంప్యూటర్ పని చూస్తున్నాను. క్రయ దస్తావేజు, దాన దస్తావేజు, భాగ పంపిణీ, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అద్దె ఒప్పందం, అఫిడవిట్లు అన్నీ కలిపి మా దగ్గర 43 వర్డ్ టెంప్లేట్లు ఉన్నాయి. ప్రతిదానిలో జిల్లా, మండలం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేర్లకు డ్రాప్‌డౌన్‌లు పెట్టుకున్నాం. డెవలపర్ ట్యాబ్‌లో దొరికే కంటెంట్ కంట్రోల్స్ అవి.

2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయ్యాయి. రెండు రాత్రులు కూర్చుని 43 టెంప్లేట్లూ తెరిచి, ఒక్కో పేరూ చేత్తో మార్చాను. అదే ఏడాది కోనసీమకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అని పేరు మారింది. మళ్ళీ మొదటి నుంచి అదే పని. ఇంత చేసినా ఒక దాన దస్తావేజు టెంప్లేటు నా కంట పడలేదు. పోయిన వారం నూజివీడు వైపు నుంచి ఒక పెద్దాయన కూతురికి పొలం రాసివ్వడానికి వచ్చారు. ఆ టెంప్లేటులో ఏలూరు అనే జిల్లాయే లేదు. కొత్తగా చేరిన అబ్బాయి ఉన్నవాటిలోంచి కృష్ణా ఎంచుకున్నాడు. స్టాంపు పేపరు మీద ప్రింటయ్యాక గానీ ఎవరూ చూడలేదు. ఆయన మర్నాడు మళ్ళీ బస్సెక్కి రావాల్సి వచ్చింది. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, జాబితాను పాతగా వదిలేసింది నేను. చాలా బాధగా ఉంది.

పేర్లన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో పెట్టి, 43 టెంప్లేట్లూ అక్కడి నుంచే తీసుకునేలా చేయవచ్చా? డ్రాప్‌డౌన్ ప్రాపర్టీస్‌లో యాడ్, మాడిఫై, రిమూవ్ తప్ప బయటి ఫైలుకు కలిపే బటన్ ఏదీ కనిపించలేదు.


మాక్రో_మాస్టారు
సోమవారం, ఉదయం 11:25

అమ్మా, మీరు సరిగ్గానే చూశారు. ఆ బటన్ లేదు. 2007లో వర్డ్‌లోకి కంటెంట్ కంట్రోల్స్ వచ్చాయి. కానీ డ్రాప్‌డౌన్‌లోని పేర్లు ఆ డాక్యుమెంటులోనే దాచుకుంటాయి, ఎక్సెల్‌కు నేరుగా కలపడం కుదరదు. చిన్న మాక్రో, అంటే వర్డ్ దానంతటదే నడిపే చిన్న ప్రోగ్రామ్, రాయాల్సిందే. భయపడకండి, ఇరవై ముప్ఫై లైన్ల పని.

జరిగేది ఇది. టెంప్లేటు నుంచి కొత్త డాక్యుమెంటు తెరవగానే డాక్యుమెంట్ న్యూ అనే ఈవెంట్ నడుస్తుంది. అందులో మీ కోడ్ ఎక్సెల్ ఫైలు చదివి, జిల్లా అన్న ట్యాగ్ ఉన్న డ్రాప్‌డౌన్‌ను వెతికి, పాత పేర్లు తీసేసి కొత్తవి ఒక్కొక్కటిగా చేరుస్తుంది. వినడానికి ఇంతే. నేను మొదటిసారి రాసినప్పుడు తప్పు చేసిన చోటు మాత్రం చెప్తాను.

ముందు క్లియర్, తర్వాత చదవడం అన్న వరుసలో రాయకండి. ముందు ఎక్సెల్ మొత్తం చదివి పేర్లను మెమరీలో పెట్టుకోండి. కనీసం ఒక్క పేరైనా వచ్చిందని చూసుకున్నాకే క్లియర్ చేయండి. లేకపోతే నెట్‌వర్క్ తెగిన రోజున, ఎవరో ఫైలు పేరు మార్చిన రోజున మీ డ్రాప్‌డౌన్ ఖాళీ అయిపోతుంది, ఎదురుగా పార్టీ కూర్చుని ఉంటారు. చదవలేకపోతే టెంప్లేటులో ఉన్న పాత జాబితానే ఉంచి, జాబితా తాజాగా లేదని తెర మీద ఒక మెసేజ్ చూపించండి. ఆ మెసేజ్ తప్పనిసరి. పాత జాబితా నిశ్శబ్దంగా పనిచేయడం వల్లే కదా నూజివీడు విషయంలో అలా జరిగింది.

ఇంకోటి. ఫైలు దారి ఇచ్చేటప్పుడు జెడ్ డ్రైవ్, వై డ్రైవ్ అని అక్షరాలు వాడకండి. ఒక సిస్టమ్‌లో జెడ్ అయినది ఇంకోదానిలో వై అవుతుంది. సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి ఇవ్వండి.


షీట్లే_లోకం
సోమవారం, మధ్యాహ్నం 12:10

మాస్టారూ, మాక్రోలు లేకుండా కూడా అవుతుంది కదా. డ్రాప్‌డౌన్‌ను వర్డ్‌లో కాకుండా ఎక్సెల్‌లోనే పెడితే సరి. ఒక దస్తావేజుకు ఒక వరుస. జిల్లా, మండలం కాలమ్‌లలో డేటా వాలిడేషన్ లిస్ట్ పెట్టి, పక్క షీటులోని పేర్లకు కలపాలి. తర్వాత వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేస్తే టెంప్లేటులో ఖాళీలన్నీ నిండిపోతాయి. వర్డ్ ఫైల్లో జాబితా అన్నదే ఉండదు, కాబట్టి పాతబడే ప్రసక్తే లేదు.

జిల్లాను బట్టి మండలాలు రావాలంటే ఇన్‌డైరెక్ట్ ఫార్ములా ఉంది. ప్రతి జిల్లా మండలాలకూ ఆ జిల్లా పేరుతో నేమ్డ్ రేంజ్ పెట్టాలి. నేమ్‌లో ఖాళీ చోటు ఉండకూడదు కనుక తూర్పు గోదావరి లాంటి వాటికి అండర్‌స్కోర్ పెట్టి, ఫార్ములాలో సబ్‌స్టిట్యూట్ వాడుకోవాలి. కొత్త ఎక్సెల్ అయితే ఫిల్టర్ ఫంక్షన్‌తో ఇంకా తేలిక.

ఒక్క జాగ్రత్త. డేటా వాలిడేషన్‌ను ఇంకో ఎక్సెల్ ఫైలుకు నేరుగా కలిపితే, ఆ రెండో ఫైలు తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తుంది. మూసేస్తే లిస్ట్ రాదు. కాబట్టి పవర్ క్వెరీతో ఆ జాబితాను మీ ఫైల్లోకే ఒక షీటుగా తెచ్చుకుని, దానికి కలపండి. రిఫ్రెష్ కొడితే కొత్త పేర్లు వచ్చేస్తాయి.


బెజవాడ_దస్తావేజు
సోమవారం, మధ్యాహ్నం 2:05

ఇద్దరికీ ధన్యవాదాలు. మెయిల్ మెర్జ్ అఫిడవిట్లకు, అద్దె ఒప్పందాలకు బాగా సరిపోతుంది. క్రయ దస్తావేజులతోనే ఇబ్బంది. ఒకదానిలో అమ్మేవాళ్ళు ఒక్కరే ఉంటారు, ఇంకోదానిలో ఏడుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సంతకాలు పెడతారు. లింకు డాక్యుమెంట్ల (అదే ఆస్తి పాత దస్తావేజుల) వివరం ఒక్కోసారి పేజీన్నర నడుస్తుంది. ఒక్క వరుసలో ఇమడదు. మా రైటర్ గారు పార్టీతో మాట్లాడుతూ వర్డ్‌లోనే వాక్యాలు మారుస్తుంటారు. కాబట్టి డ్రాప్‌డౌన్ వర్డ్‌లోనే ఉండాలి. మాస్టారు చెప్పింది ప్రయత్నిస్తాను.


హన్మకొండ_ఫైళ్ళు
సోమవారం, సాయంత్రం 4:30

అక్కా, మీ బాధ నాకు బాగా తెలుసు. తెలంగాణలో మేం ఇంకా ఎక్కువ పడ్డాం. 2014లో 10 జిల్లాలు, 2016 అక్టోబర్ 11న 31, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటతో 33. ఆ తర్వాత 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది.

దాంతో వచ్చిన చిక్కు చూడండి. 2016కు ముందు కాగితంలో వరంగల్ జిల్లా అంటే ఉమ్మడి జిల్లా మొత్తం. 2021 తర్వాత అదే మాటకు చాలావరకు పాత రూరల్ అని అర్థం. పేరు అదే, జిల్లా వేరు. కాబట్టి ఎక్సెల్‌లో పేర్లు మాత్రమే పెట్టకండి. నేను ఐదు కాలమ్‌లు పెట్టాను: కోడ్, పేరు, పూర్వపు జిల్లా, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. కొత్త దస్తావేజు డ్రాప్‌డౌన్‌లోకి 'ఎప్పటి వరకు' ఖాళీగా ఉన్నవే వస్తాయి. లింకు డాక్యుమెంట్ల పేరాలో ఉన్న డ్రాప్‌డౌన్‌కు మాత్రం పాత పేర్లు కూడా వస్తాయి, ఎందుకంటే 1998 నాటి దస్తావేజును అప్పటి జిల్లా పేరుతోనే చెప్పాలి.

ఈ జిల్లా, మండలాల కోడ్‌లు (గుర్తింపు సంఖ్యలు) సొంతంగా పెట్టుకోకండి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో రాష్ట్రం నుంచి గ్రామం దాకా అన్నిటికీ కోడ్‌లు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. జాబితాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. స్పెల్లింగ్ ఎలా రాసినా కోడ్‌ను బట్టి ఊరిని గుర్తు పట్టవచ్చు.


బెజవాడ_దస్తావేజు
సోమవారం, సాయంత్రం 5:15

పాత పేర్లు తీసేయకూడదన్న మాట నాకు తట్టనే లేదు తమ్ముడూ. మేం కూడా 'పూర్వపు కృష్ణా జిల్లా, ప్రస్తుత ఏలూరు జిల్లా' అని రాస్తాం. పూర్వపు జిల్లా కాలమ్ ఉంటే ఆ ముక్క కూడా దానంతటదే వచ్చేలా చేసుకోవచ్చు.


కొత్తగా_చేరాను
సోమవారం, రాత్రి 8:50

నేను స్కూల్లో టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు గూగుల్ డాక్స్‌లో చేస్తాను. అందులో డ్రాప్‌డౌన్ ఉంది కదా, దాన్ని గూగుల్ షీట్‌కు కలపవచ్చా?


షీట్లే_లోకం
సోమవారం, రాత్రి 9:20

డాక్స్‌లోని డ్రాప్‌డౌన్‌కు షీట్ నుంచి పేర్లు ఇచ్చే సెట్టింగ్ లేదు. షీట్స్‌లో అయితే డ్రాప్‌డౌన్‌ను ఒక రేంజ్ నుంచి తెచ్చుకోవచ్చు. ఆ రేంజ్‌లోకి ఇంకో షీట్ ఫైలు నుంచి ఇంపోర్ట్‌రేంజ్‌తో పేర్లు రప్పించవచ్చు. పిల్లల వివరాలు ఎలాగూ వరుసల్లోనే ఉంటాయి కాబట్టి మీకు షీట్‌లో ఎంచుకోవడమే మేలు.


బెజవాడ_దస్తావేజు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, రాత్రి కూర్చుని రాశాను. మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, కోడ్ నడిచింది గానీ కొత్త డాక్యుమెంటులో పాత పేర్లే ఉన్నాయి. రెండోది, పరీక్ష కోసం కోడ్‌లోనే తెలుగులో ఏలూరు అని రాస్తే ప్రశ్నార్థకాలు పడ్డాయి. మూడోది, గ్రామాల షీటు పెట్టి చూస్తే నలభయ్యో పేరు దగ్గర ఎర్రర్ వచ్చి ఆగింది.


మాక్రో_మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 3:00

మూడూ నేనూ పడ్డవే.

మొదటిదానికి కారణం మీరు దిస్‌డాక్యుమెంట్ అని రాసి ఉంటారు. కోడ్ టెంప్లేటులో ఉంది కనుక దిస్‌డాక్యుమెంట్ అంటే టెంప్లేటే. మీ పేర్లన్నీ కనబడకుండా టెంప్లేటులోకి వెళ్ళాయి. కొత్తగా తెరిచిన కాగితంలోకి వెళ్ళాలంటే యాక్టివ్‌డాక్యుమెంట్ అని రాయాలి.

రెండోది మన భాషకు ఉన్న పాత కష్టం. మాక్రోలు రాసే వీబీఏ ఎడిటర్, తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్‌ను చూపించలేదు. విండోస్ రీజియన్ సెట్టింగుల్లో తెలుగు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే తెలుగుకు ఆ పాతకాలపు కోడ్‌పేజీయే (అక్షరాల పట్టికే) లేదు. మెసేజ్ బాక్సులో కూడా ప్రశ్నార్థకాలే వస్తాయి. కానీ ఎక్సెల్ సెల్‌లోంచి చదివిన తెలుగు, మధ్యలో వేరియబుల్స్‌లో చెడిపోకుండా డ్రాప్‌డౌన్‌లోకి చక్కగా చేరుతుంది. అందుకే తెలుగువాళ్ళకు బయటి జాబితా సౌకర్యం ఒక్కటే కాదు, దాదాపు తప్పనిసరి. కోడ్‌లో తెలుగు ముక్క ఒక్కటి కూడా పెట్టకండి. ట్యాగ్‌లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి, హెచ్చరిక మెసేజ్ కూడా ఇంగ్లీషులోనే రాయండి.

ఎక్సెల్ బదులు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) వాడాలనుకుంటే సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీలో సేవ్ చేస్తే తెలుగంతా పోతుంది. చదివేటప్పుడు కూడా మామూలు ఓపెన్ కమాండ్ కాకుండా ఏడీవోడీబీ స్ట్రీమ్ వాడి, యూటీఎఫ్-8 అని చెప్పాలి.

మూడోది: ఒకే డ్రాప్‌డౌన్‌లో ఒకే పేరు రెండుసార్లు చేర్చడానికి వర్డ్ ఒప్పుకోదు. గ్రామాల జాబితాలో కొత్తపల్లి రెండోసారి తగిలి ఉంటుంది. ఒక్కో మండలం గ్రామాలనే విడిగా తెచ్చుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. అయినా మిగిలితే పేరు పక్కన గ్రామం కోడ్ కలిపి చూపించండి.


లిబ్రే_వాడుకరి
మంగళవారం, సాయంత్రం 6:10

లిబ్రేఆఫీస్ రైటర్‌లో దీనికి మాక్రో అక్కర్లేదు. లిబ్రేఆఫీస్ బేస్‌లో మీ స్ప్రెడ్‌షీట్‌ను డేటాబేస్‌గా రిజిస్టర్ చేయండి. రైటర్‌లో ఫార్మ్ కంట్రోల్స్ నుంచి లిస్ట్ బాక్స్ పెట్టి, దాని డేటా ట్యాబ్‌లో జాబితా రకం ఎస్‌క్యూఎల్ అని ఎంచుకుని, ఏ షీటులో ఏ కాలమ్ కావాలో ఒక లైను రాస్తే చాలు. పేర్లు నేరుగా అక్కడి నుంచే వస్తాయి. మా ట్రస్టులో దరఖాస్తు ఫారాలు ఇలాగే నడుస్తున్నాయి.

ఉన్న లోపం కూడా చెప్పాలి. లిస్ట్ బాక్స్ అంటే పేజీ మీద ఒక పెట్టె. వాక్యం మధ్యలో మామూలు మాటలా కలిసిపోదు, పేరు పొడవును బట్టి సర్దుకోదు. ఫారాలకు బాగుంటుంది. దస్తావేజు పేరాలకు నేను సలహా ఇవ్వను.


గుంటూరు_డీటీపీ
మంగళవారం, రాత్రి 9:40

ఇంతసేపూ ఎవరూ అడగలేదు గానీ, దస్తావేజులంటే చాలామంది అను ఫాంట్స్ వాడతారు. మేడమ్, మీవి ఏ ఫాంటులో ఉన్నాయి?


బెజవాడ_దస్తావేజు
మంగళవారం, రాత్రి 10:05

అనులోనే అండీ. నిజానికి పాత డ్రాప్‌డౌన్‌లలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల పిచ్చి గీతల్లా కనిపించేవి. ఎంచుకున్నాక గానీ తెలుగులోకి వచ్చేవి కావు. మా అబ్బాయిలు ఏ గీత ఏ జిల్లానో అలవాటు మీద గుర్తుపట్టేవాళ్ళు.


గుంటూరు_డీటీపీ
మంగళవారం, రాత్రి 10:50

అదే నా అనుమానం. అలవాటు మీద గుర్తుపట్టాల్సిన జాబితాలో కొత్తగా చేరినవాళ్ళు తప్పు ఎంచుకుంటే ఆశ్చర్యం ఏముంది? అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంటాయి. డ్రాప్‌డౌన్ తెరిచినప్పుడు వర్డ్ ఆ జాబితాను తన సొంత మెనూ ఫాంటులో చూపిస్తుంది, మీ ఫాంటులో కాదు. అందుకే ఆ గీతలు.

దీనికి నేను వాడే మార్గం ఉంది. డ్రాప్‌డౌన్‌లో ప్రతి పేరుకూ రెండు భాగాలు ఉంటాయి: కనిపించే డిస్‌ప్లే నేమ్, లోపల ఉండే వాల్యూ. డిస్‌ప్లే నేమ్‌లో యూనికోడ్ తెలుగు పెట్టండి. వాల్యూలో అదే పేరు అను కీబోర్డుతో కొట్టినది పెట్టండి. ఇక డెవలపర్ ట్యాబ్‌లో ఎక్స్ఎంఎల్ మ్యాపింగ్ పేన్ తెరవండి, వర్డ్ 2013 నుంచీ ఉంది. అక్కడ డ్రాప్‌డౌన్‌నూ, పక్కన ఒక ప్లెయిన్ టెక్స్ట్ కంట్రోల్‌నూ ఒకే నోడ్‌కు (ఫైలు లోపల విలువ దాచుకునే చోటుకు) మ్యాప్ చేయండి. డ్రాప్‌డౌన్‌లో ఎంచుకోగానే వాల్యూ ఆ నోడ్‌లోకి వెళ్తుంది, టెక్స్ట్ కంట్రోల్‌లో అదే కనిపిస్తుంది. దానికి అను ఫాంటు ఇస్తే దస్తావేజులో మీ అక్షరాలే వస్తాయి. ఆ టెక్స్ట్ కంట్రోల్‌ను కాపీ చేసి జిల్లా పేరు రావాల్సిన ప్రతిచోటా పెట్టండి. ఒక్కసారి ఎంచుకుంటే షెడ్యూల్‌లో, సరిహద్దుల్లో, చివరి పేజీలో అన్నిచోట్లా అదే పడుతుంది. ఈ ముక్కకు మాక్రో అవసరం లేదు. డ్రాప్‌డౌన్‌ను మాత్రం ప్రింటు కాని ఒక మొదటి పేజీలో ఉంచండి.


హన్మకొండ_ఫైళ్ళు
బుధవారం, ఉదయం 9:15

అన్నా, వాల్యూలో అను పెడితే మరి జిల్లా కోడ్ ఎక్కడ పెట్టాలి?


గుంటూరు_డీటీపీ
బుధవారం, ఉదయం 9:50

కోడ్ ఎక్సెల్‌లో ఉంటే చాలు తమ్ముడూ. మాక్రోకు మండలాలు కావాల్సినప్పుడు డిస్‌ప్లే నేమ్ చూసి కోడ్ వెతుక్కుంటుంది. మండలాల షీటులో మాత్రం జిల్లాను పేరుతో కాకుండా కోడ్‌తోనే కలపాలి, ఆ మాటలో నువ్వే కరెక్ట్.


బెజవాడ_దస్తావేజు
బుధవారం, సాయంత్రం 5:40

జిల్లా పనిచేస్తోంది! యూనికోడ్‌లో పేరు చదివి ఎంచుకుంటే అనులో పడుతోంది. మా అబ్బాయిలు చాలా సంతోషించారు. ఇప్పుడు ఆగింది మండలం దగ్గర. జిల్లా మార్చిన వెంటనే మండలాల జాబితా మారడం లేదు.


మాక్రో_మాస్టారు
బుధవారం, రాత్రి 7:20

మారదు. కంటెంట్ కంట్రోల్ ఆన్ ఎగ్జిట్ అనే ఈవెంట్ పేరులోనే ఉంది చూడండి, ఆ డ్రాప్‌డౌన్‌లోంచి బయటికి వచ్చినప్పుడే నడుస్తుంది. జిల్లా ఎంచుకుని ట్యాబ్ నొక్కమని, లేదా వేరేచోట క్లిక్ చేయమని పిల్లలకు చెప్పండి.

దానికన్నా ముఖ్యమైనది ఒకటుంది. జిల్లా మారినప్పుడు అంతకు ముందు ఎంచుకున్న మండలాన్ని తప్పకుండా తీసేసి, 'ఎంచుకోండి' అన్న మొదటి వరుసకు తెచ్చి ఆపండి. లేకపోతే ఏలూరు జిల్లా కింద గన్నవరం మండలం అలాగే ఉండిపోతుంది. రెండు పేర్లూ నిజమైనవే కాబట్టి చదివేవాళ్ళ కంటికి తప్పు ఆనదు. అలాంటి తప్పే సంతకాల దాకా వెళ్తుంది. నా మాటగా ఈ ఒక్కటీ మర్చిపోకండి.

43 టెంప్లేట్లలోనూ ఇంత కోడ్ అతికించకండి. అసలు కోడ్ ఒకే టెంప్లేటులో రాసి వర్డ్ స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టండి. మిగతావాటిలో దాన్ని పిలిచే రెండు మూడు లైన్లు చాలు. అవన్నీ మాక్రోలు ఉండే టెంప్లేట్ రకంగా సేవ్ చేయాలి, మామూలు రకంలో సేవ్ చేస్తే కోడ్ నిలవదు.


బెజవాడ_దస్తావేజు
గురువారం, ఉదయం 11:10

ఒక సిస్టమ్‌లో మాక్రోలు బ్లాక్ చేశామని ఎర్రటి పట్టీ వస్తోంది మాస్టారూ. టెంప్లేటును నాకు నేనే మెయిల్ చేసుకుని అక్కడ దించాను.


హన్మకొండ_ఫైళ్ళు
గురువారం, ఉదయం 11:30

మెయిల్లోంచి దించారు కాబట్టే. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ఆపేస్తోంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టండి. ట్రస్ట్ సెంటర్‌లోకి వెళ్ళి మొత్తం మాక్రోలన్నీ అనుమతించడం మాత్రం వద్దు అక్కా. పార్టీలు వాట్సాప్‌లో పంపే ఫైళ్ళన్నీ మీరు తెరుస్తారు కదా, ప్రమాదం. మీ టెంప్లేట్ల ఫోల్డర్ ఒక్కదాన్నే ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చండి. ఫోల్డర్ నెట్‌వర్క్‌లో ఉంటే అదే పేజీలో నెట్‌వర్క్ లొకేషన్లను అనుమతించే టిక్ కూడా పెట్టాలి.


షీట్లే_లోకం
గురువారం, మధ్యాహ్నం 12:45

ఎక్సెల్‌ను వెనకాల తెరిచి చదువుతున్నారా, ఏడీవోతో (డేటా చదివే మైక్రోసాఫ్ట్ సాధనంతో) చదువుతున్నారా? ఏడీవో అయితే తెరవకుండానే చదువుతుంది, వేగంగా ఉంటుంది. కానీ మొదటి 8 వరుసలు చూసి ఆ కాలమ్‌లో అంకెలా, అక్షరాలా అని తనే నిర్ణయించుకుంటుంది. వార్డు నంబర్లు 1, 2, 3 అని మొదలై కింద ఎక్కడో 12-ఎ అని వస్తే ఆ వరుస ఖాళీగా వస్తుంది. కనెక్షన్‌లో ఐమెక్స్ విలువ 1 పెట్టి, మొదటి వరుసల్లోనే ఒక అక్షరాల విలువ ఉండేలా చూసుకోండి.


బెజవాడ_దస్తావేజు
శనివారం, రాత్రి 9:30

ఆలస్యంగా రాస్తున్నాను, రెండు రోజులు ఇదే పని. 31 టెంప్లేట్లు మారిపోయాయి. మొదట ఎక్సెల్‌ను వెనకాల తెరిచాం, కొత్త కాగితం తెరిచిన ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగాల్సి వచ్చేది. ఏడీవోకు మార్చాక ఆ ఆగడం పోయింది. వార్డుల దగ్గర సరిగ్గా షీట్లే_లోకం గారు చెప్పినట్టే ఖాళీలు వచ్చాయి, సరిచేశాను.

నిన్న సర్వర్ కేబుల్ పీకేసి పరీక్షించాను. పాత జాబితా ఉండిపోయి, తాజాగా లేదని మెసేజ్ వచ్చింది. తర్వాత ఎక్సెల్‌లో ఒక మండలం పేరు కావాలని తప్పుగా మార్చి, నాలుగు సిస్టమ్‌లలో నాలుగు వేర్వేరు టెంప్లేట్లు తెరిచాం. నాలుగింటిలోనూ ఆ తప్పు పేరే వచ్చింది. తప్పు కనిపించినందుకు అంత సంతోషపడటం నాకు ఇదే మొదటిసారి. ఇప్పుడు ఆ ఎక్సెల్‌ను మార్చే హక్కు నాకూ, రైటర్ గారికీ మాత్రమే ఉంది, మిగతావాళ్ళకు చదివే హక్కే.

నూజివీడు పెద్దాయన దస్తావేజు కూడా అయిపోయింది. మళ్ళీ రాయాల్సి వచ్చినందుకు మేం డబ్బు తీసుకోలేదు.

మిగిలిన 12 టెంప్లేట్లు రేపు ఆదివారం చేస్తాను. మండలాల షీటుకు కోడ్‌లు ఎక్కించడం ఇంకా ఉంది. హన్మకొండ తమ్ముడూ, నీ ఐదు కాలమ్‌ల షీటు ఖాళీ నమూనా ఒకటి పంపగలవా?


హన్మకొండ_ఫైళ్ళు
శనివారం, రాత్రి 10:15

మెసేజ్‌లో పంపాను అక్కా. కోడ్ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాకే కోడ్‌లు అతికించండి.